బొమ్మ వీపు

పోయిన వారం మనం ఫెలియు గసోల్‌ని అతని పాత కళావస్తువుల దుకాణంలోని లోపలి గదిలో, నోట మాట రాక నిలబడి ఉండగా వదిలాం. ఇరవై రెండేళ్ళుగా ఆ గదిలో ఒకే మేకుకి వేలాడుతున్న బూడిదరంగు బొమ్మని, పారిస్ నుంచి వచ్చిన మదాం రుసెల్ అడగకుండానే కిందికి దించింది. దించి ఊరుకోలేదు. వెనక్కి తిప్పి, దుమ్ము పడకుండా, బొమ్మ వచ్చిననాటి నుంచీ వీపు మీద కొట్టి ఉన్న గోధుమరంగు కాగితాన్ని పైకెత్తింది. కాగితం చాటున, కాన్వాసు మీద, బొగ్గుతో రాసిన ఎనిమిది వరసలు బయటపడ్డాయి.

బొమ్మల వ్యాపారంలో ఉన్నవాళ్ళెవరైనా చేసే పనే ఆమె చేసింది. ఆ మాటకొస్తే బార్సిలోనాలో ఆ పని పదిమందికి నేర్పింది ఫెలియే. "ముందు వీపు చూడు, తరవాత మొహం చూడు. మొహం అబద్ధమాడుతుంది, వీపుకి ఆ తెలివి లేదు" అని దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. మేకులకి పట్టిన తుప్పు, గుడ్డ నేత, చెక్క చట్రం మీది ముద్ర, ఇవన్నీ చూశాకే బొమ్మని వెలుగులోకి తిప్పేవాడు. అలాంటి మనిషి ఈ ఒక్క బొమ్మ వీపు మాత్రం చూడలేదు. ఇది అమ్మకానికి వచ్చిన బొమ్మ కాదు. స్నేహితుడు పంపిన బహుమతి. దాని వీపు చూడటమంటే పెళ్ళిలో చదివించిన వెండిగిన్నెని, చదివించినవాళ్ళ ఎదుటే తూకం వెయ్యడం లాంటిదని అతను అనుకున్నాడు.

"నాకు మీ భాష రాదు గసోల్ గారూ," అంది మదాం రుసెల్ ఫ్రెంచిలో, కళ్ళజోడు ముక్కు మీదికి జరుపుకుంటూ. "పేర్లు మాత్రం చదవగలను. చివర ఒలగేర్ అని ఉంది. మొదట టెక్లా అని ఉంది. ఎవరీ టెక్లా?"

ఫెలియు అప్పటికే ఎనిమిది వరసలూ చదివేశాడు.

"రంగులమ్మే దుకాణం పేరు," అన్నాడు. "పాతది. ఎప్పుడో మూసేశారు."

తన నోట అబద్ధం అంత నున్నగా జారుతుందని అతనికే తెలీదు.

మదాం రుసెల్ నమ్మిందో లేదో. ఆమెకి కావలసింది బొమ్మ. వచ్చే శరత్కాలంలో ఒలగేర్ వేసినవన్నీ పారిస్‌లో ఒక్కచోట చేర్చి చూపించబోతున్నారు. వాటిలో ఈ బూడిదరంగు బొమ్మ లేకపోతే ముందుపన్ను ఊడిన నోరులా ఉంటుందని ఆమె పొద్దున్నించీ నాలుగుసార్లు చెప్పింది.

"అన్నట్టు, ఆయన ఈ ఊళ్ళోనే ఉన్నాడు. మీకు తెలుసా?"

"ఎవరు?"

"ఒలగేరే. మూడు వారాలైంది. ఊరి పైభాగంలో కళ్ళాసుపత్రిలో ఉన్నాడు. ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండోదానికి వెలుగేదో నీడేదో తెలుస్తుంది, అంతే. ఆ పని నాకెందుకు పడిందో గానీ, రోజూ మధ్యాహ్నం వెళ్ళి చెంచాతో సూపు తాగిస్తున్నాను. పెళ్ళాం ఉండి ఉంటే ఆవిడ మీద పడేది." మదాం రుసెల్ నవ్వింది. "మీ దగ్గరికి వెళ్తున్నానంటే ఏమన్నాడో తెలుసా? 'ఆ బొమ్మ వీపు చూసిరా. గసోల్ ఎప్పుడో గీకేసి ఉంటాడు' అన్నాడు. గీకలేదే మీరు!"

"లేదు," అన్నాడు ఫెలియు.

"సోమవారం బొమ్మని సర్దే పెట్టె తెస్తాను. అంతదాకా జాగ్రత్త."

ఆమె చెప్పుల చప్పుడు ముందుగదిలోని కొయ్య సాధువుల విగ్రహాల మధ్యనుంచి, ఇత్తడి కొవ్వొత్తి స్తంభాల మధ్యనుంచి పాల్యా వీధిలోకి వెళ్ళిపోయింది. ఫెలియు కుర్చీ లాక్కుని బొమ్మ వీపుకి ఎదురుగా కూచుని మళ్ళీ చదివాడు.

*టెక్లాకి. ఇది నీ వంటింటి వెలుగు. మీ అన్న ఏది వచ్చినా ముందు వీపే చూస్తాడు కాబట్టి ఈ ఉత్తరం ఆయనకీ వర్తిస్తుంది. మీ ఇద్దరికీ సమ్మతమైతే సంత్ జోర్ది పండగనాడు దీన్ని వీధి షోకేసులో పెట్టండి. పొద్దున వచ్చి చూస్తాను. ఉంటే పైకి వస్తాను. లేకపోతే సాయంత్రం బండికి పారిస్ వెళ్తాను. కారణం అడగను. మళ్ళీ ఇబ్బంది పెట్టను. ఒలగేర్.*

ఇబ్బంది పెట్టలేదు. మాట మీద నిలబడ్డాడు. ఇరవై రెండేళ్ళలో ఒక్క కార్డు ముక్క రాయలేదు. పారిస్‌లో పేరు రాగానే కళ్ళు నెత్తికెక్కాయని ఫెలియు అనుకున్నాడు. నలుగురిలో అన్నాడు కూడా.

బండివాడు గోనెపట్టాలో చుట్టి ఈ బొమ్మని తెచ్చిన రోజు అతనికి బాగా గుర్తుంది. "ఒలగేర్ గారు పంపారండీ. అమ్మకానికి కాదని చెప్పమన్నారు" అన్నాడు బండివాడు. ఆ రోజుల్లో ఒలగేర్ బొమ్మలు చూసి ఊరంతా నవ్వేది. నవ్వనివాడు ఫెలియు ఒక్కడే. అందుకే తనకి ఇచ్చాడనుకున్నాడు. ఆ ఆనందంలో, షోకేసులో పెడితే వచ్చేపోయేవాళ్ళు వెక్కిరిస్తారని, ఎవరి చూపూ పడని ఈ లోపలి గదిలో పెట్టుకున్నాడు. ప్రేమతోనే పెట్టుకున్నాడు.

మగవాళ్ళు మనసైన పిల్లకి గులాబీ ఇచ్చే ఆ పండగ పొద్దు కూడా గుర్తుంది. అదే అసలు బాధ. ఒక చిరిగిన పాత బొమ్మకి వెనక గుడ్డ అతికిస్తున్నాడు, చేతులు మోచేతుల దాకా బంక. తలెత్తితే షోకేసు అద్దంలోంచి వీధికి అవతలి గట్టు మీద ఒలగేర్ కనిపించాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. చేతిలో గులాబీ. షోకేసు వైపే చూస్తున్నాడు. అందులో ఒక వెండి కొవ్వొత్తి స్తంభమూ, చెయ్యి విరిగిన దేవదూతా ఉన్నాయి. 'తన బొమ్మ అందులో లేదని అలిగాడు కాబోలు, అలగనీ' అనుకున్నాడు ఫెలియు. గులాబీ చూసి, 'వీడికీ ఒక పిల్ల దొరికిందన్నమాట' అనీ అనుకున్నాడు. బంక ఆరిపోతుందని బయటికి వెళ్ళలేదు. పావుగంట దాటాక మళ్ళీ తలెత్తేసరికి గట్టు ఖాళీ.

ఆ పిల్ల పైనే ఉంది. వంటింట్లో.

ఫెలియు లేచి ముందుగది తలుపు దగ్గరగా వేశాడు. సోమవారం పెట్టె వస్తుంది. ఆ తరవాత ఈ బొమ్మ పారిస్‌లో వందమంది చేతుల్లో తిరుగుతుంది, దాన్ని తిప్పి చూసేవాళ్ళు ఉంటారు, ఈ భాష వచ్చినవాళ్ళూ ఉంటారు. టెక్లా చెవికి రావడానికి ఎంతసేపు? రాకుండా చెయ్యడానికి మాత్రం అతని చేతిలో ఒక దారి ఉంది. నలభై ఏళ్ళుగా చేస్తున్న పనే. చివికిన కాన్వాసుకి వెనకనుంచి కొత్త గుడ్డ అతికించి, వేడి ఇస్త్రీపెట్టెతో రుద్దితే రెండూ ఒకటైపోతాయి. వీపు మీద ఏమున్నా ఆ గుడ్డ కిందికి పోతుంది. బొమ్మ పదికాలాలు నిలబడటానికే చేశానంటే మదాం రుసెల్ మెచ్చుకుంటుంది కూడా.

మెట్లెక్కి పైకి వెళ్ళాడు.

టెక్లా వంటింట్లో ఉప్పుచేప ముక్కలు నీళ్ళు మార్చి నానబెడుతోంది. యాభై మూడేళ్ళ మనిషి, సన్నటి మెడ, నెరిసిన జుట్టుని ముడి వేసుకుని ఉంది. అమ్మ పోయిన దగ్గర్నుంచీ ఆ వంటింట్లో ఆమె తప్ప ఇంకొకరు పొయ్యి ముట్టించలేదు.

"టెక్లా, గోధుమపిండి ఉందా?"

"ఉంది. రేపు చేపకి అద్దడానికి ఉంది. నీ బంకకి లేదు."

"రెండు గుప్పెళ్ళు చాలే."

"నీ రెండు గుప్పెళ్ళూ నాకు తెలుసులే అన్నయ్యా! పోయిన నెల ఆ బిషప్పు గారి బొమ్మకి రెండు గుప్పెళ్ళంటూ మూడు రోజుల పిండి పట్టుకుపోయావు. బిషప్పు బతికున్నప్పుడు కూడా అంత తిని ఉండడు."

ఇంకో రోజైతే ఫెలియు నవ్వేవాడు. టెక్లా అతని మొహంలోకి చూసింది.

"పారిస్ ఆవిడ ఏమంది? మొహం అలా పెట్టావేం?"

"ఏమీ లేదు. ఎండ."

"ఏప్రిల్‌లో ఎండా!" అని పిండి డబ్బా దించింది. కొలిచినట్టు రెండే గుప్పెళ్ళు గిన్నెలో పోసి, నీళ్ళు కలిపి, తనే గరిటెతో తిప్పింది. ఉండ కట్టకుండా తిప్పడం ఈ ఇంట్లో ఆమెకే చేతనవును. ఫెలియు, వడ్రంగులు చెక్కలు అతికించడానికి వాడే వజ్రం జిగురు ముక్క నానబెట్టింది అందులో కలిపాడు. ఘాటైన వాసన లేచింది. ఇలా ఎన్ని వందలసార్లు చేశారో ఇద్దరూ. అతను అతికించడం, ఆమె పొయ్యి మీద రెండు ఇస్త్రీపెట్టెలు కాచి ఒకటి చల్లారేలోపు రెండోది అందించడం. చిత్రకారులు ఎవరెవరో వచ్చారు, పోయారు. ఈ వాసన మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది.

"పెట్టెలు కాగాక పిలువు, నేనే వచ్చి తీసుకెళ్తా," అన్నాడు ఫెలియు.

"ఎప్పుడూ లేంది ఇదేంటి? మోకాళ్ళ నొప్పులని రోజంతా మూలుగుతావుగా."

"పిలవమన్నా కదా!"

గసురుకున్నట్టు వచ్చింది ఆ మాట. టెక్లా గరిటె గిన్నె అంచుకి కొట్టి పక్కన పెట్టింది.

లోపలి గదిలో ఫెలియు బొమ్మని బల్ల మీద బోర్లా పరిచాడు. గోధుమరంగు కాగితం చింపేశాడు. కొత్త గుడ్డ కొలతకి కత్తిరించాడు. కుంచెని బంకలో ముంచాడు. మొదటి వరసలో ఉన్న పేరు మీదికి కుంచె తెచ్చాడు గానీ చెయ్యి దిగలేదు. పక్కనుంచి మొదలెడదామని మూలకి వెళ్ళాడు. మూలన జానెడు మేర బంక రాసి, మళ్ళీ ఆగాడు.

"పెట్టె కాగింది. పిలిస్తే పలకవేం?"

టెక్లా గుమ్మంలో ఉంది. చేతిలో మసిగుడ్డతో పట్టుకున్న ఇస్త్రీపెట్టె. ఆమె చూపు ముందు గోడ మీదికి పోయింది. అక్కడ ఖాళీ మేకు, దాని కింద ఇరవై రెండేళ్ళు వెలుగు తగలని తెల్లటి చదరం.

"పగిలిన పళ్ళేనికా బంక? దానికేం వచ్చింది?"

ఒలగేర్ బొమ్మలన్నిటికీ ఆమె పెట్టిన పేరది. ఆ రోజుల్లో ఆదివారం ఆదివారం ఒలగేర్ వీళ్ళింట్లోనే భోంచేసేవాడు. కొత్త బొమ్మ తెచ్చి గోడకి ఆనిస్తే, "మా ఇంట్లో పళ్ళేలు చాలవని నువ్వు కూడా పగలగొట్టి తెస్తావా?" అని టెక్లా వెక్కిరించేది. అతను పడీపడీ నవ్వేవాడు. అతను వెళ్ళిపోయాక ఆమె ఆ పేరు నవ్వుతూ అనలేదు. లోపలి గది దుమ్ము దులిపేటప్పుడు ఆ బొమ్మ దగ్గరికి మాత్రం వెళ్ళేది కాదు. అన్నయ్యకి ఇచ్చి వెళ్ళిన బొమ్మ. తనకి ఏదీ ఇవ్వకుండా వెళ్ళినవాడి బొమ్మ.

"గుడ్డ పాడైంది," అన్నాడు ఫెలియు, బల్లకి అడ్డంగా నిలబడుతూ.

"ఏదీ?"

"నువ్వు వెళ్ళు టెక్లా. పెట్టె అక్కడ పెట్టి వెళ్ళు."

ముప్ఫై ఏళ్ళుగా ఇద్దరే ఉంటున్న ఇంట్లో దాచిన వస్తువు కనపడకపోవచ్చు గానీ, దాస్తున్న మనిషి కనపడకుండా ఉండడు. టెక్లా అతన్ని తప్పుకోమనలేదు. పక్కనుంచి వచ్చి నిలబడింది. మెడలో వేలాడుతున్న కళ్ళజోడు పెట్టుకుంది. ఒక చేతిలో ఇస్త్రీపెట్టె అలాగే ఉంది.

ఆమె నెమ్మదిగా చదివే మనిషి. ఎనిమిది వరసలకి చాలాసేపు పట్టింది. బయట వీధిలో ఎవడో గాడిదని అదిలిస్తున్నాడు. ఫెలియు ఆ అదిలింపులు లెక్కపెడుతూ నిలబడ్డాడు. ఇస్త్రీపెట్టె చల్లారిపోతోంది.

"ఆ రోజు వచ్చాడా?" అంది చివరికి.

"ఏ రోజు?"

"నాటకాలొద్దు."

అప్పుడు కూడా 'తెలీదు' అనేసి ఉండవచ్చు. లోపలి పనిలో ఉన్నాను, చూడలేదు అంటే కాదనేవాళ్ళెవరూ లేరు. ఫెలియుకి ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"వచ్చాడు," అన్నాడు.

"చూశావా?"

"చూశాను. అవతలి గట్టు మీద నిలబడ్డాడు. చేతిలో గులాబీ ఉంది."

"ఎంతసేపు?"

"పావుగంట. ఎక్కువేనేమో."

"నువ్వేం చేస్తున్నావు?"

"చేతులకి బంకుంది టెక్లా. షోకేసులో తన బొమ్మ లేదని అలిగాడనుకున్నాను. వీపు మీద రాశాడని నాకేం తెలుసు? దేవుడి తోడు, ఈ పొద్దున్న ఆవిడ తిప్పేదాకా నాకు తెలీదు."

టెక్లా తల ఊపింది. ఇస్త్రీపెట్టెని జాగ్రత్తగా ఇటుక మీద పెట్టింది.

"అంతకు ముందు ఆదివారం గిన్నెలు తుడుస్తూ అన్నాడు, పండక్కి గులాబీ ఎవరికివ్వాలో తెలిసిపోయింది అని. ఎవరికి అని నేను అడగలేదు. అడగాలా ఏం? ఆ శనివారం పాలూ గుడ్లూ కాచి మీగడ చేశాను, పైన చక్కెర మాడ్చి. గిన్నె అడుగు గీక్కుని తినేవాడు కదా. కొత్త కాలరు కుట్టుకున్న గౌను వేసుకున్నాను. నువ్వు పైకి వచ్చి, ఎవరికోసం ఈ సింగారం అన్నావు. పండక్కి, అన్నాను. నువ్వు రెండు గిన్నెలు తిన్నావు."

ఆ మీగడ తిన్న సంగతి ఫెలియుకి గుర్తు లేదు.

"నాకు తెలీక జరిగింది," అన్నాడు మళ్ళీ.

"అవును. ఇరవై రెండేళ్ళు నీకు తెలీదు. దానికి నిన్నేమనను?" ఆమె గొంతు పెరగలేదు. పెరిగి ఉంటే అతనికి తేలికగా ఉండేది. "ఈ పొద్దున తెలిసింది కదా. తెలిశాకే కదా పైకి వచ్చి నన్ను పిండి అడిగావు. నాచేతే కలిపించావు."

కుంచె ఇంకా చేతిలోనే ఉందని ఫెలియు అప్పుడు చూసుకున్నాడు.

టెక్లా మూలన రాసిన బంకని తన ఏప్రన్ అంచుతో తడిగా ఉండగానే తుడిచేసింది. తరవాత బొమ్మని రెండు చేతులా ఎత్తి గోడకి ఆనించి మొహం వైపు తిప్పింది. ఎదురుగా కుర్చీలో కూచుంది. ఆమె దాన్ని నిజంగా చూడటం అదే మొదటిసారి.

"ఇది కిటికీ ఊచ," అంది వేలు పెట్టి చూపిస్తూ. "ఇది రాగి బిందె, దాని సొట్ట. ఇదిగో ఈ నీలం చారలు, నా పాత ఏప్రన్ కాదూ?"

ఫెలియు వంగి చూశాడు. వచ్చిన ప్రతివాడికీ ఈ బొమ్మ ముందు నిలబెట్టి ఉపన్యాసం చెప్పినవాడతను. ఇందులో వస్తువేదీ లేదు, వట్టి ఆకారాలూ వెలుగూ మాత్రమే, అర్థం వెతక్కండి అని ఇరవై రెండేళ్ళు చెప్పాడు. సొట్ట బిందె పైనే ఉంది. రోజూ అందులో నీళ్ళే తాగుతున్నాడు.

"అతను ఊళ్ళోనే ఉన్నాడు టెక్లా," అన్నాడు. ఇంక దాచడానికి ఏమీ మిగల్లేదు. "కళ్ళాసుపత్రిలో. చూపు దాదాపు పోయిందట. పెళ్ళి చేసుకోలేదట. రేపే నిన్ను తీసుకెళ్తాను."

"నేనెక్కడికీ రాను. యాభై మూడేళ్ళొచ్చి ఆసుపత్రుల్లో మొగాళ్ళని వెతుక్కుంటూ తిరగనా?" లేచి నిలబడింది. "ఎల్లుండి పండగ. అదీ శనివారమే వచ్చింది. షోకేసులో పెట్టమని రాశాడు. అది పెట్టు. నువ్వు చెయ్యాల్సింది అంతే."

శుక్రవారం ఉప్పుచేప అతని పళ్ళెంలోకి వచ్చింది, పిండి అద్దకుండా. టెక్లా తన పళ్ళెం వంటింట్లోకి తీసుకుపోయింది. ఒక్కడే తింటూ, ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీని ఇంతకు ముందు ఎప్పుడైనా ఖాళీగా చూశానా అని ఫెలియు ఆలోచించాడు. గుర్తు రాలేదు.

భోజనం కాగానే టోపీ పెట్టుకుని ట్రాము ఎక్కాడు. ఆసుపత్రి వరండాలో సున్నం వాసన. పదకొండో నంబరు గది తలుపు ఓరగా తెరిచి ఉంది. మంచం చివర రెండు పాదాలు కనిపించాయి, దుప్పటి బయట. ఆ పాదాలు ఎంత ముసలివైపోయాయో చూసి అతను ఇంక ముందుకి అడుగెయ్యలేకపోయాడు. గుమ్మం దగ్గర సిస్టర్ కనిపిస్తే ఆపాడు.

"అమ్మా, ఆయనకొక మాట చెబుతారా? బొమ్మ రేపు షోకేసులో ఉంటుందని చెప్పండి."

"ఎవరు చెప్పారనమంటారు?"

ఫెలియు టోపీ అంచు తిప్పాడు. "ఆ ఇంటివాళ్ళనండి."

"మందులిచ్చాక గుర్తుంటే చెబుతానండీ. ఆయన ఎవరి మాటా వినిపించుకోడు, ఆ ఫ్రెంచావిడ బతిమాలితే గానీ సూపు కూడా తాగడు," అని ఆమె పళ్ళెం పట్టుకుని పక్క గదిలోకి వెళ్ళిపోయింది. చెప్పిందో, మరిచిపోయిందో తెలుసుకునే దారి లేదు.

శనివారం పొద్దున వీధి తలుపు తీసేసరికి గులాబీలు పట్టుకున్న జనం అప్పుడే తిరుగుతున్నారు. ఫెలియు వెండి స్తంభాన్నీ దేవదూతనీ షోకేసులోంచి దించి, అద్దం తుడిచి, బొమ్మని వీధి వైపు మొహం పెట్టి నిలబెట్టాడు. కొవ్వొత్తుల దుకాణం లాలియా, ఎదురుగా తన గుమ్మం ఊడుస్తున్నదల్లా చీపురు ఆపి చూసింది.

"ఏంటి ఫెలియు గారూ, పండగపూట ఇది పెట్టారు? ఎలకలు కొరికిన పరుపులా ఉంది!"

"మా వంటిల్లు లాలియా."

"అయ్యో పాపం! అయితే తొందరగా బాగు చేయించండి," అని నవ్వుకుంటూ లోపలికి పోయింది.

టెక్లా పది గంటలకి కిందికి దిగింది. నల్లటి మంచి గౌను వేసుకుంది. కాలరు పాతది, ఇస్త్రీ చేసింది. దుకాణంలో షోకేసు వెనక కుర్చీ వేసుకుని కూచుంది. బొమ్మ మొహం వీధిది. వీపు ఆమెది. ఆమె కళ్ళెదుట, చదవదలుచుకుంటే, ఎనిమిది వరసలున్నాయి. ఆమె అల్లిక తెచ్చుకుంది. ఒక్క కుట్టు వెయ్యలేదు.

జంటలు ఆగి చూశారు, నవ్వారు, వెళ్ళారు. ఒక ముసలాయన టోపీ తీసి లోపలికొచ్చి, వెండి స్తంభం ఏమైందని అడిగి పోయాడు. మధ్యాహ్నం ఫెలియు భోజనానికి లేవమన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. అతను రొట్టె ముక్క మీద టమాటా రుద్ది, నూనె చుక్క వేసి, ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి ఆమెకి తన చేత్తో తెచ్చిచ్చాడు. ఉప్పు వెయ్యడం మరిచాడు. ఆమె తిన్నది.

నాలుగైంది. ఆరైంది. గులాబీల బుట్టలు ఖాళీ చేసుకుని అమ్మేవాళ్ళు వెనక్కి వస్తున్నారు. వీధికి ఎండ పోయి నీడ దిగింది. లాలియా తన తలుపులు మూసుకుంది.

"ఇంక మూసేద్దాం," అంది టెక్లా. అల్లిక సంచిలో పెట్టుకుని, తాళంచెవి తీసుకుని గుమ్మం దగ్గరికి నడిచింది. నడుము పట్టేసిందేమో, ఒక చెయ్యి నడుం మీద ఉంది. ఆ వీపు చూస్తూ ఫెలియు లోపలి గది గుమ్మంలో నిలబడ్డాడు. రేపటినుంచి ఆమె ఈ ఇంట్లో ఎలా ఉంటుంది, తను ఎలా ఉంటాడు అన్నది అతనికి ఊహకి అందలేదు.

అప్పుడు అద్దం అవతల ఒక ఆకారం కదిలింది. పొడుగాటి మనిషి. కళ్ళకి నల్లద్దాలు, చేతికర్ర. గోడలు తడుముకుంటూ వస్తున్నాడు. కర్ర మొన పక్కింటి తలుపుని ముందు తాకింది, తరవాత రాతిని, తరవాత షోకేసు చట్రాన్ని. ఆగాడు. కర్ర చంకలో పెట్టుకుని, అరచెయ్యి అద్దానికి ఆనించి, మొహం దగ్గరగా తెచ్చాడు. వెలుగేదో నీడేదో వెతుక్కుంటున్నట్టు తల అటూ ఇటూ తిప్పాడు. లోపల దీపం పెట్టలేదు. అతనికేమీ దొరకలేదు.

ఫెలియు ఒక్క అడుగు వేశాడు. ఈసారి చేతులకి బంక లేదు. కానీ టెక్లా వెనక్కి తిరగకుండానే తాళంచెవి ఉన్న చెయ్యి పైకెత్తింది, ఆగమన్నట్టు.

గుమ్మంలో మనిషున్న అలికిడి విని ఆయన అటు తిరిగాడు.

"ఏమండీ, ఎవరైనా ఉన్నారా? నాకు కళ్ళు కనపడవు. కొంచెం చెప్పి పుణ్యం కట్టుకోండి. ఈ షోకేసులో ఏం పెట్టారు?"

టెక్లా తాళంచెవి గౌను జేబులో వేసుకుంది.

"ఏముందీ," అంది, "ఒక పగిలిన పళ్ళెం."

అద్దం మీద ఆ చెయ్యి ఉన్నచోటే ఆగిపోయింది.